కింద దారం గూడు కడితే పైదారం చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెప్పుకున్నాయి. అమ్మమ్మల నాటి నల్ల కుట్టుమిషను తుడిచి, నూనె వేసి బయటికి తీశారు. తిరగడం బాగానే తిరుగుతోంది, కుట్టు మాత్రం కుదరడం లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన వాటిలో ఏడింటికి ఇక్కడ జవాబిస్తున్నాం. ఒక్కటి తప్ప ఇవన్నీ 15 క్లాసు మిషన్లే. అంటే గుండ్రటి బాబిన్ (కిందదారం చుట్టే చిన్న రీలు), ఎడమ చివర రేకు మీద టెన్షన్ నట్టు (పైదారం బిగువు సర్దేది), కింద అటూ ఇటూ ఊగే షటిల్ (కిందదారాన్ని పైదారంతో మెలిపెట్టేది) ఉన్నవి. సింగర్ తెచ్చిన ఈ నమూనాలోనే తర్వాత ఉష లాంటి మన కంపెనీలు కూడా మిషన్లు చేశాయి. అందువల్ల బాబిన్లు, వాటిని పెట్టే కేసులు, స్ప్రింగులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇలాంటి మిషన్‌ని పాత ఇనుముకి వేయొద్దని మా గట్టి మాట.

ప్రశ్న: మా అత్తగారి కాలి మిషను. పైన కుట్టు వరసగా చక్కగా కనపడుతుంది. గుడ్డ తిప్పి చూస్తే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. బాబిన్ కేసు స్క్రూ బిగించాను, మళ్ళీ బిగించాను. ఇప్పుడు బాబిన్ దారం లాగితే తెగేట్టుంది కానీ ఉచ్చులు పోలేదు. కేసు మార్చాలా?
– ఒక గృహిణి, కావలి

జవాబు: మార్చనక్కర్లేదు. ముందు ఆ స్క్రూ మీద నుంచి చెయ్యి తీసేయండి. కింద వేలాడేది బాబిన్ దారం కాదు, పైదారం. అనుమానంగా ఉంటే పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసి, రెండు పొరల గుడ్డ మీద జానెడు కుట్టి చూడండి. కింద కనపడే ఉచ్చులు ఎర్రగానే ఉంటాయి.

రెండు దారాలూ గుడ్డ మందంలో, సరిగ్గా మధ్యన మెలిపడాలి. ఇద్దరు ఒక తాడు చెరో వైపు లాగుతున్నట్టు అనుకోండి. ఎవరి పట్టు ఎక్కువైతే ముడి వాళ్ళ వైపు పోతుంది. మీ మిషనులో పైదారానికి పట్టు లేదు. మీరేమో కిందదారం పట్టు పెంచుతూ పోయారు. దాంతో ముడి ఇంకా కిందికి దిగింది. పాత మిషన్ల విషయంలో అందరూ ముందు చేసే పొరపాటు ఇదే. లోపం కింద కనపడుతుంది కాబట్టి చెయ్యి కిందికి పోతుంది.

పైదారానికి పట్టు ఎందుకు లేదో చూద్దాం. నూటికి ఎక్కువసార్లు అది టెన్షన్ బిళ్ళల (దారాన్ని నొక్కి పట్టే రెండు గుండ్రటి రేకుల) మధ్యకి దిగకపోవడమే. మిషను పాదం, అంటే గుడ్డని నొక్కి పట్టే భాగం, పైకి ఎత్తితే ఆ రెండు బిళ్ళలు విడిపోతాయి, దించితే మూసుకుంటాయి. పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే అది మూసుకున్న బిళ్ళల అంచు మీదే ఉండిపోతుంది. కాబట్టి సూది పైకి తెచ్చి, పాదం ఎత్తి, దారం మొత్తం తీసేసి మొదటి నుంచి ఎక్కించండి. రీలు నుంచి పైనున్న కొక్కేనికి, అక్కడి నుంచి కిందికి దించి రెండు బిళ్ళల మధ్యకి, తర్వాత పక్కనే ఉన్న సన్నని తీగ స్ప్రింగుకి తగిలించి, దాని దగ్గరి చిన్న కొక్కెం కిందుగా తిప్పి, పైకి తీసుకెళ్ళి ఎగిరే లివర్ రంధ్రంలోకి, మళ్ళీ కిందికి కొక్కేల గుండా సూదికి. బిళ్ళల్లోకి దించేటప్పుడు దారాన్ని రెండు చేతులతో పట్టుకుని కాస్త గుంజండి. అది లోపలికి దిగడం వేళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు చిన్న పరీక్ష. పాదం ఎత్తి సూది దగ్గర దారం లాగండి, హాయిగా రావాలి. పాదం దించి లాగండి, బిగిసి రావాలి, సూది మొన కాస్త వంగబోయేంత. రెండు స్థితుల్లోనూ ఒకేలా వస్తే బిళ్ళల మధ్య ఏదో ఇరుక్కుంది. తెగిన దారం ముక్క, నూలు దుమ్ము, ఎండిపోయిన నూనె, ఏదైనా కావచ్చు. పాదం ఎత్తి ఉంచి, సన్నని పాత పంచె పీలికని స్పిరిట్‌లో తడిపి బిళ్ళల మధ్య అటూ ఇటూ లాగండి. పీలిక నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా పీలికలు మారుస్తూ లాగండి. బిళ్ళలకి మాత్రం ఎప్పుడూ నూనె వేయకండి. దారం జారిపోతుంది, గుడ్డకి మరకలూ పడతాయి.

ఆ తర్వాతే నట్టు. పాదం దించి ఉంచి, నట్టుని కుడివైపుకి అర చుట్టు బిగించి, జానెడు కుట్టి చూడండి. ఉచ్చులు తగ్గితే ఇంకో పావు చుట్టు.

అయితే బాబిన్ కేసుని మీరు బాగా బిగించేశారు కాబట్టి ముందు దాన్ని దారిలో పెట్టాలి, లేకపోతే పైన ఎంత సర్దినా లెక్క తప్పుతుంది. బాబిన్ నింపి కేసులో పెట్టి, దారం కొస పట్టుకుని కేసుని గాలిలో వేలాడదీయండి. వదిలేస్తే అది కదలకుండా నిలవాలి. చెయ్యి ఒక్కసారి చిన్నగా ఎగరేస్తే అంగుళం, రెండంగుళాలు కిందికి జారి ఆగాలి. ఎగరేసినా కదలకపోతే బిగువు ఎక్కువ, దానంతటదే జారిపోతుంటే తక్కువ. కేసు పక్కన ఉన్న వంపు రేకు మీద రెండు స్క్రూలు కనిపిస్తాయి. రేకు చివరి స్క్రూ దాన్ని పట్టి ఉంచేది, దాన్ని కదపకండి. మధ్యలో ఉన్నదే బిగువు స్క్రూ. ఒక్కసారికి గడియారంలో పెద్దముల్లు 5 నిమిషాలు నడిచినంతే తిప్పాలి. అది చాలా పొట్టి స్క్రూ, రెండు చుట్లు వదులు చేస్తే ఊడి కిందపడుతుంది. తెల్ల తువ్వాలు పరిచి దాని మీద చేయండి.

ప్రశ్న: గుడ్డ కుట్టడం మొదలుపెట్టగానే కింద దారం ముద్ద కట్టి గుడ్డ లోపలికి పోతోంది. నాలుగైదు కుట్లు దాటాక బాగానే ఉంటుంది.
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: ఇది టెన్షన్ లోపం కాదు. పైదారం, కిందదారం కొసలు రెండూ నాలుగంగుళాలు వదిలి, పాదం కిందుగా వెనక్కి లాగి, మొదటి మూడు కుట్లు పడేదాకా వేలితో పట్టుకోండి. లివర్ పైకొచ్చిన చోటే కుట్టు మొదలుపెట్టాలి, అక్కడే ఆపాలి. కాలి మిషను అయితే ఇంకొకటి: చక్రం ఎప్పుడూ మీ వైపుకే తిరగాలి. తొక్కడం మొదలుపెట్టేటప్పుడు ఒక్క చుట్టు ఎదురు తిరిగినా షటిల్‌లో దారం ముద్ద కడుతుంది. కుడిచేత్తో చక్రం మీ వైపు తిప్పి, ఆ వాలులోనే తొక్కడం అందుకోండి. పాదం దించడం మరిచిపోయినా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: దుమ్ము పట్టిందని టెన్షన్ భాగం మొత్తం విప్పి తుడిచాను. మళ్ళీ బిగించాక నట్టు ఎంత తిప్పినా దారానికి పట్టు రావడం లేదు. ఇంకోసారి విప్పి బిగిస్తే ఇప్పుడు పాదం ఎత్తినా దారం వదలడం లేదు. ఏందో అంతు చిక్కడం లేదు.
– ఒక యువకుడు, ఒంగోలు

జవాబు: మీ రెండు అవస్థలకీ మూలం ఒక సన్నని పిన్ను. టెన్షన్ భాగానికి నడుమ బోలుగా ఉన్న ఇరుసు ఉంటుంది, దానికి చీలిక ఉంటుంది. ఆ బోలులో అగ్గిపుల్ల మందం కూడా లేని చిన్న పిన్ను ఉంటుంది. పాదం ఎత్తినప్పుడు వెనక నుంచి ఒక మీట ఆ పిన్నుని ముందుకి నెడుతుంది. పిన్ను పోయి అడ్డగీత ఉన్న వాషర్‌ని నెడుతుంది. వాషర్ స్ప్రింగుని వెనక్కి తోసి బిళ్ళల మీది బరువు తీసేస్తుంది. అంతే, దారం వదులు.

మిషను వైపు నుంచి మీ వైపుకి వరస ఇది: ముందు తీగ స్ప్రింగు, తర్వాత రెండు బిళ్ళలు, వాటి మీద అడ్డగీత వాషర్, దాని మీద తేనెపట్టు ఆకారం స్ప్రింగు, కొన్నింటిలో అంకెల చక్రం, చివర నట్టు. బిళ్ళలు పళ్ళేల్లా ఉంటాయి. రెండింటి ఉబ్బు వైపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, అంచులు బయటికి విచ్చుకుని దారం దిగడానికి దారి ఇస్తాయి. తిరగేసి పెడితే దారం అంచున మాత్రమే ఆనుతుంది, పట్టు ఒకసారి ఉండి ఒకసారి పోతుంది. వాషర్ అడ్డగీత ఇరుసు చీలికలో కూర్చోవాలి, లేకపోతే పిన్ను దాన్ని తాకదు.

మొదటిసారి పట్టు రాకపోవడానికి కారణం బహుశా ఇరుసుని రేకులోకి మరీ లోతుగా తోసి బిగించడం. అలా తోస్తే పాదం దించినా మీట పిన్నుని నొక్కుతూనే ఉంటుంది, బిళ్ళలు మూసుకోవు. రెండోసారి దారం వదలకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఇరుసు బయటికి ఎక్కువ వచ్చి మీట పిన్నుకి అందకపోవడం ఒకటి. విప్పేటప్పుడు పిన్ను జారి ఎక్కడో పడిపోవడం రెండోది. ముందు మిషను కింద, తువ్వాలు మడతల్లో వెతకండి. పిన్ను దొరికితే, ఇరుసుని పట్టి ఉంచే పక్క స్క్రూ కాస్త వదులు చేసి, పాదం దించి ఉంచి, ఇరుసుని కొద్ది కొద్దిగా లోపలికి జరపండి. పాదం దించితే పట్టు, ఎత్తితే వదులు, ఈ రెండూ కుదిరిన చోట పక్క స్క్రూ బిగించేయండి.

బిగించే ముందు తీగ స్ప్రింగుని కూడా చూసుకోవాలి. చక్రం నెమ్మదిగా తిప్పండి. సూది దిగుతూ సూది కన్ను గుడ్డని తాకే వేళకి ఆ స్ప్రింగు తన కదలిక ముగించి అడ్డుకి ఆని ఉండాలి. అది చచ్చుపడి కదలకపోతే దారం వదులైన క్షణంలో సూది మొన కింద చిక్కుకుంటుంది, తెగుతుంది లేదా పోగులు లేస్తుంది. ఈ స్ప్రింగు చాలా చవక భాగం. వంగినా తుప్పు పట్టినా సాగదీయకుండా కొత్తది వేయండి.

ఇంకోసారి విప్పేటప్పుడు ఒక్కో భాగం తీసినప్పుడల్లా ఫోన్‌తో ఫొటో తీసి, తీసిన వరసలోనే కాగితం మీద పేర్చండి.

ప్రశ్న: ఒకే కుట్టులో రెండు జానల మేర బాగుంటుంది, తర్వాత బిగిసిపోతుంది, మళ్ళీ దానంతటదే సర్దుకుంటుంది. నట్టు ముట్టుకోలేదు.
– ఒక టైలర్, నెల్లూరు

జవాబు: ముట్టుకోకపోవడం మంచిదైంది. సర్దుబాటు తప్పితే కుట్టు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా తప్పుతుంది. వచ్చి పోతుందంటే దారం దారిలో ఎక్కడో తట్టుకుంటోంది. రీలు అంచున దారం దాచుకునే గంటు ఉంటుంది కదా, దారం ప్రతి చుట్టులోనూ దానికి తగులుతుందేమో చూడండి. రీలు తిరగేసి పెడితే చాలు.

తర్వాత బాబిన్. పాత ఇనుప బాబిన్ని బల్ల మీద అంచు మీద నిలబెట్టి దొర్లించండి. ఊగుతూ దొర్లితే అంచు వంగింది, పారేయండి. వంగిన అంచు కేసులో ప్రతి చుట్టుకీ ఒకసారి రాసుకుంటుంది. చుట్టిన తీరు కూడా చూడండి. వేలితో నొక్కితే మెత్తగా దిగబడితే వదులుగా చుట్టారని అర్థం. చుట్టేటప్పుడు దారం చిన్న టెన్షన్ బిళ్ళల గుండా పోవాలి. చేత్తో పట్టి చుట్టిన బాబిన్ ఎన్నటికీ సమంగా రాదు. చుట్టే చక్రానికి ఉన్న రబ్బరు రింగు ఎండి గట్టిపడితే జారుతూ చుడుతుంది, రింగు మార్చండి. బాబిన్ని అంచుదాకా నింపకండి.

కేసు బిగువు రేకు కింద కూడా మైనం పట్టిన దుమ్ము పేరుకుంటుంది. స్క్రూ తిప్పకుండానే, మడిచిన కాగితం అంచుని రేకు కిందుగా జరిపితే బయటికి వస్తుంది. పిన్నీసుతో గోకకండి, గీత పడితే ఆ గీతలోనే దారం ఇరుక్కుంటుంది. బాబిన్ కేసులో పెట్టాక దారం లాగి చూడండి, తెరిచిన వైపు మీకు కనపడేలా పట్టుకుంటే బాబిన్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి. ఎదురు తిరిగితే బాబిన్ తిప్పి వేయండి.

చివరగా దారమే పాతదేమో. మూర దారం రెండు చేతుల్లో పట్టి గుంజండి. పుటుక్కున తెగితే అది కుట్టడానికి పనికిరాదు, ఎంత మంచి రంగైనా సరే.

ప్రశ్న: వెంకటగిరి నూలు చీర జాకెట్టు గుడ్డ కుడితే కుట్టు వెంట ముడతలు పడుతున్నాయి. బడి యూనిఫాం టెరికాట్ మీద కూడా అంతే. లైనింగ్ జాకెట్లు మాత్రం బాగా వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, బుచ్చిరెడ్డిపాలెం

జవాబు: లైనింగ్ జాకెట్టుకి సర్దిన టెన్షన్‌తోనే పల్చటి గుడ్డ కుడుతున్నారు. పొరలు ఎక్కువున్న గుడ్డ ఆ బిగువుని ఓర్చుకుంటుంది. వెంకటగిరి నూలు సన్నపోగు గుడ్డ, ఓర్చుకోలేక ముడుచుకుంటుంది. ఇక్కడ రెండు దారాల బిగువూ తగ్గించాలి. పైది ఒక్కటే తగ్గిస్తే కింద ఉచ్చులు వస్తాయి. ముందు బాబిన్ స్క్రూ 5 నిమిషాల ముల్లంత వదులు చేసి, తర్వాత నట్టు పావు చుట్టు ఎడమకి తిప్పి చూడండి. ఎప్పుడూ పల్చటి గుడ్డలే కుట్టేవాళ్ళు రెండో బాబిన్ కేసు కొనుక్కుని దాన్ని ఆ బిగువులోనే ఉంచుకుంటే, మాటిమాటికీ స్క్రూ తిప్పే పని ఉండదు.

సూది 11 నంబరు వేయండి. సూది పొట్లం మీద 75/11, 90/14, 100/16 అని ఉంటుంది. పెద్ద అంకె సూది మందం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 90 అంటే 0.9 మిల్లీమీటర్లు. 16 నంబరు సూది సన్న నూలులో పెద్ద రంధ్రం చేసి పోగుల్ని పక్కకి నెడుతుంది, ముడత అక్కడే మొదలవుతుంది. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు చాలు.

టెరికాట్ సంగతి కొంచెం వేరు. పాలిస్టర్ దారం బిగువులో సాగుతుంది, కుట్టు అయ్యాక మళ్ళీ కుంచించుకుంటుంది, గుడ్డని కూడా తనతో లాక్కుంటుంది. ఆ దారానికి నూలు దారం కన్నా వదులు టెన్షన్ పెట్టాలి. పైన పాలిస్టర్, బాబిన్‌లో నూలు వేసి కుట్టకండి. ఏ గుడ్డైనా అదే గుడ్డ పీలిక రెండు పొరలు వేసి ముందు కుట్టి చూసుకోవాలి.

ఒక ముఖ్యమైన విషయం. ఈ మిషన్లకి వేయాల్సింది చదును కాడ ఉన్న హెచ్.ఏ.×1 సూది, దాన్నే 15×1 అని కూడా అమ్ముతారు. పెద్ద టైలర్ల పవర్ మిషన్లకి వాడే గుండ్రటి కాడ డి.బి.×1 సూది వీటికి సరిపడదు. సూదికి ఒక వైపు పొడవునా గాడి ఉంటుంది, గోటితో రాస్తే తెలుస్తుంది. సూది మీదికి వచ్చే ఆఖరి కొక్కెం ఏ వైపు ఉందో గాడి ఆ వైపే ఉండాలి, దారం కూడా ఆ వైపు నుంచే కంట్లోకి పోవాలి. తిరగేస్తే కుట్లు తప్పుతాయి, దాన్ని టెన్షన్ లోపమని పొరబడతారు.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర. రెండేళ్ళు మూసి ఉంచిన మిషను తెరిస్తే టెన్షన్ బిళ్ళలు తుప్పు పట్టి ఉన్నాయి. చక్రం బరువుగా తిరుగుతోంది. కొబ్బరినూనె వేశాను.
– ఒక పాఠకురాలు, కొత్తపట్నం

జవాబు: కొబ్బరినూనె వెంటనే తీసేయాలి. కొన్నాళ్ళకి అది జిగురుగా మారి, ఉన్న బరువు రెట్టింపు అవుతుంది. నూనె రంధ్రాలన్నింట్లో రెండేసి చుక్కలు కిరోసిన్ వేసి, బెల్టు తీసేసి, చక్రం చేత్తో ఓ పది నిమిషాలు తిప్పండి. గోధుమరంగు మడ్డి కారుతుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ వేయండి. మడ్డి ఆగాక ప్రతి రంధ్రంలో ఒక్క చుక్క మిషను నూనె. షటిల్ తిరిగే గాడికి కూడా ఒక్క చుక్క వేయండి. అక్కడ నూనె ఎండితే షటిల్ బరువుగా కదిలి కిందదారం కుదుపుతుంది, అది కూడా టెన్షన్ లోపంలాగే కనపడుతుంది. షటిల్ తీసినప్పుడు దాని మొనని గోటితో తడిమి చూడండి. గరుకు తగిలితే 1000 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) మెత్తగా రాయండి.

బిళ్ళల లోపలి వైపు అద్దంలా నున్నగా ఉండాలి. తేలికపాటి తుప్పు అయితే విప్పి, 1000 నంబరు నీటి కాగితాన్ని గాజు పలక మీద పరిచి, బిళ్ళ ఉబ్బు వైపుని దాని మీద గుండ్రంగా తిప్పండి. ఆపైన 2000 నంబరు, ఆపైన ఇత్తడి సామాను పాలిష్. పాలిష్ ఆనవాలు లేకుండా స్పిరిట్‌తో కడగాలి. వేలిగోరు తట్టుకునేంత గుంట పడితే కొత్త బిళ్ళలే వేయాలి.

మన వైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఉప్పుగాలికి ఆ తేమ తోడైతే నెలలోనే తుప్పు మొదలవుతుంది. ప్లాస్టిక్ కవరు కప్పకండి, లోపల చెమ్మ పట్టి ఉండిపోతుంది. నూలు దుప్పటి కప్పి, పాదం కింద గుడ్డముక్క పెట్టి, సూదికి, పాదం కడ్డీకి నూనె అద్దిన గుడ్డతో ఒక్కసారి రాసి ఉంచండి. వారానికోసారి రెండు నిమిషాలు తిప్పితే అంతకన్నా మంచి రక్షణ లేదు.

ప్రశ్న: మా మిషనులో గుండ్రటి బాబిన్ లేదు. సన్నని పొడవాటి కండె, పడవలాంటి షటిల్‌లో పెట్టాలి. దీనికి టెన్షన్ ఎక్కడ?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: ఇంకా పాత నమూనా అది, సింగర్ 28, 128 మిషన్లు ఈ తరహావే. ముందు రేకు జరిపితే షటిల్ బయటికి వస్తుంది. దాని పక్కన పొడవుగా ఉన్న రేకే కిందదారం బిగువు, దాని మీది చిన్న స్క్రూతోనే సర్దాలి. దారం ఆ రేకు కిందికి పూర్తిగా దిగిందా లేదా అన్నదే ఇక్కడ మొదటి అనుమానం. లాగితే కుదుపు లేకుండా, కొంచెం పట్టుతో రావాలి. కండె చుట్టేటప్పుడు రెండు కొసల్లో దారం ఉబ్బెత్తుగా పేరుకోకుండా చూసుకోండి, ఉబ్బితే షటిల్ గోడకి రాసుకుని దారం ఆగి ఆగి వస్తుంది. పై టెన్షన్ సూత్రం మాత్రం కావలి పాఠకురాలికి చెప్పిందే. ఈ షటిల్ కొత్తది దొరకడం కష్టం కాబట్టి, దుమ్ము తీసేటప్పుడు కింద పడేయకుండా మెత్తటి గుడ్డ మీదే పట్టుకోండి. మొన చిట్లితే పాలిష్‌తో బాగుపడదు.